స్కూల్ నర్సు పేలు చూడటానికే వచ్చేదా? రెండు ప్రపంచ యుద్ధాల మధ్య ఇంగ్లండ్ బడి పిల్లల ఆరోగ్యం

ప్రశ్న ఇదీ: ఎమ్మెస్సీ నర్సింగ్ చదువుతున్న ఒకమ్మాయి సెమినార్‌కి స్కూల్ హెల్త్ చరిత్ర తీసుకుంది. పుస్తకంలో "1907లో ఇంగ్లండ్‌లో చట్టం వచ్చింది" అని ఒక లైను, వెంటనే రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి సంగతులు. మధ్యలో, అంటే 1919 నుంచి 1939 దాకా, స్కూల్ నర్సు రోజంతా ఏం చేసేది? దానివల్ల పిల్లలకు ఏమైనా ఒరిగిందా? ఆ రోజుల్లో మన దగ్గర ఏముంది?

ముప్పై ఏళ్ళు పబ్లిక్ హెల్త్ నర్సింగ్‌లో ఉన్నాను, అందులో సగం కాలం పాఠాలు చెప్పాను. మా రోజుల్లో కూడా ఈ టాపిక్ ఒక పేజీలో అయిపోయేది. ఆ పేజీలో కూడా డాక్టర్ పరీక్ష చేసేవాడు, నర్సు పక్కన ఉండి సాయం చేసేది అన్నట్టు రాసేవారు. నిజానికి డాక్టర్ ఒక పిల్లని బడి చదువు మొత్తం మీద మూడుసార్లు చూసేవాడు: బడిలో చేరినప్పుడు, ఎనిమిదేళ్ళప్పుడు, మళ్ళీ పన్నెండేళ్ళప్పుడు. ఆ మూడు రోజులు తీసేస్తే మిగిలిన రోజులన్నీ నర్సువే. సెమినార్ అక్కడి నుంచి మొదలుపెట్టండి.

వెనక కథ త్వరగా చెప్పేస్తాను. దక్షిణాఫ్రికాలో ఇంగ్లండ్ చేసిన బోయర్ యుద్ధానికి సైన్యంలో చేరడానికి వచ్చిన కుర్రాళ్ళలో చాలామంది శారీరకంగా పనికిరారని తేలేసరికి ఇంగ్లండ్ ప్రభుత్వం కంగారుపడింది. 1904లో ఒక కమిటీ దీని మీద రిపోర్టు ఇచ్చింది. 1906లో పేద పిల్లలకు బడిలో భోజనం పెట్టుకోవచ్చని, 1907లో ప్రతి పిల్లకీ వైద్య పరీక్ష చెయ్యాలని చట్టాలు వచ్చాయి. పిల్లల మీద ప్రేమ కంటే సిపాయిల మీద బెంగే ఎక్కువ, ఆ మాట దాచక్కర్లేదు. జార్జ్ న్యూమన్ అనే డాక్టర్ మొదటి నుంచి 1935 దాకా ఈ బడి వైద్య సేవకు అధిపతిగా ఉన్నాడు. 1907 చట్టం పరీక్షను తప్పనిసరి చేసింది గానీ వైద్యాన్ని చెయ్యలేదు. ప్రాథమిక బడి పిల్లలకు వైద్యం ఏర్పాటు చెయ్యడం స్థానిక సంస్థల బాధ్యత అయ్యింది 1918 చట్టంతో. కాబట్టి మీరు అడిగిన ఇరవై ఏళ్ళూ మొదలయ్యేది సరిగ్గా "చూశాం, రాశాం, మరి ఇప్పుడేం చేద్దాం" అన్న దగ్గర. 1922లో ఖర్చుల కోత వచ్చింది, 1931లో ఆర్థిక మాంద్యం పేరుతో ఇంకో కోత. పని పెరుగుతుంటే డబ్బు తగ్గుతూ వచ్చిన కాలం అది.

క్లినిక్‌లో ఒక పూట

పెద్ద ఊళ్ళలో స్కూల్ క్లినిక్‌లు ఉండేవి. వాటికి దారి చూపించింది మార్గరెట్, రేచల్ మెక్‌మిలన్ అనే అక్కాచెల్లెళ్ళు. లండన్‌లో బో అనే చోట 1908లో చిన్నగా మొదలుపెట్టి, తర్వాత డెట్‌ఫోర్డ్‌కి మార్చారు. యుద్ధం తర్వాత అలాంటివి దేశమంతా వచ్చాయి. అక్కడ జరిగే పనికి "చిన్న జబ్బుల వైద్యం" అని పేరు. పేరు చిన్నదే, క్యూ మాత్రం పెద్దది. చెవిలో చీము కారే పిల్లలు, కళ్ళకలక పిల్లలు, మూతి చుట్టూ పసుపు పొక్కులు కట్టిన ఇంపెటైగో పిల్లలు, వేళ్ళ సందుల్లో గజ్జి, తలలో తామర, చలికి వాచి పగిలిన కాలివేళ్ళు. నర్సు చెవి శుభ్రం చేసి దూది పెట్టేది. పొక్కులు నానబెట్టి తీసి పాదరసం కలిపిన ఆయింట్‌మెంట్ రాసేది. గజ్జికి గంధకం ఆయింట్‌మెంట్. యాంటీబయాటిక్స్ లేవు గనుక చీము కారే చెవిని రోజూ శుభ్రం చెయ్యడమే వైద్యం. అది వారాల తరబడి సాగేది. ఒక్కరోజు మానేస్తే మళ్ళీ మొదటికి. అలా వదిలేసిన చెవులే పెద్దయ్యాక చెవుడుగా తేలేవి. కాబట్టి ఈ దూదిపుల్లల పనిని తక్కువగా చూడకండి.

తలలో తామర గురించి ఒక మాట, ఎందుకంటే అందరూ దీన్ని వదిలేస్తారు. మాత్ర లేని రోజులు (గ్రీసియోఫుల్విన్ 1958లో గానీ రాలేదు). తామర వచ్చిన పిల్ల ఏడాది, రెండేళ్ళు బడికి దూరంగా ఉండాల్సి వచ్చేది. దానికి ఎక్స్‌రే వైద్యం కనిపెట్టారు. తలను కొలతలు వేసి గుర్తులు పెట్టి, ఒక్కో వైపు నుంచి ఎక్స్‌రే ఇస్తే రెండు మూడు వారాల్లో జుట్టంతా ఊడిపోయేది, దాంతో పాటే తామరా పోయేది. జుట్టు మళ్ళీ వచ్చేదాకా పిల్ల టోపీ పెట్టుకుని తిరిగేది. అప్పటికి అది అద్భుతం. ఇదే పద్ధతిని తర్వాత ఇజ్రాయెల్‌లో వేలమంది పిల్లలకు వాడితే, వాళ్ళలో థైరాయిడ్ క్యాన్సర్లు, మెదడు కణితులు మామూలు కంటే ఎక్కువ వచ్చాయని దశాబ్దాల తర్వాత తేలింది. ఎవరినీ తప్పుపట్టడానికి చెప్పట్లేదు. బడి మానేసిన రెండేళ్ళు వాళ్ళ కళ్ళ ముందు ఉన్నాయి, నలభై ఏళ్ళ తర్వాతి కణితి లేదు.

ఇక పేలు

ఇంగ్లండ్‌లో ముసలివాళ్ళని స్కూల్ నర్సు గురించి అడిగితే "నిట్టీ నోరా" అంటారు. ఈపుల నోరమ్మ అనుకోండి. క్లాసులో పిల్లలు వరసగా నిలబడేవారు. నర్సు చెవి వెనకా మెడ మీదా జుట్టు పాయలు తీసి చూసి, పేల దువ్వెనను మందు నీళ్ళలో ముంచి ఇంకో తలకు వెళ్ళేది. ఎవరి తల దగ్గర ఎక్కువసేపు ఆగిందో క్లాసంతా చూస్తూనే ఉండేది. ఆ పిల్లకి ఇంటికి చీటీ వెళ్ళేది. ఇది మర్యాదకి పంపే చీటీ కాదు. 1908 నాటి పిల్లల చట్టం ప్రకారం 24 గంటల్లోగా తల్లి శుభ్రం చెయ్యాలి, లేకపోతే వాళ్ళే తీసుకెళ్ళి శుభ్రం చేస్తారు, మళ్ళీ మళ్ళీ అయితే తల్లిదండ్రులకు జరిమానా. ఇంట్లో కుళాయి లేని, వేడి నీళ్ళకు బొగ్గు కొనాల్సిన, ఒకే మంచంలో నలుగురు పిల్లలు పడుకునే ఇంటికి ఆ చీటీ వెళ్ళేది.

నర్సులకు ఇది తెలియదా అంటే తెలుసు. అందుకే చీటీ పంపి ఊరుకున్న చోట ఫలితం ఒకలా, నర్సు ఇంటికి వెళ్ళిన చోట ఇంకోలా ఉండేది. ఈ తేడాకు పక్కా ఉదాహరణ ఇంగ్లండ్‌లో కాదు, న్యూయార్క్‌లో, కొంచెం ముందు కాలంలో దొరుకుతుంది. అక్కడ డాక్టర్లు బళ్ళు తనిఖీ చేసి కళ్ళకలక, గజ్జి, పేలు ఉన్న పిల్లల్ని ఇంటికి పంపేసేవారు. అంతే, పని అయిపోయింది. ఇంటికి పంపిన పిల్లలు వీధిలో ఆడుకుంటూ, సాయంత్రం బడి వదలగానే అదే పిల్లలతో కలిసి తిరిగేవారు. మందు ఎవరిస్తారు, తల్లికి ఎవరు చెబుతారు అన్నది ఎవరి పనీ కాదు. 1902 అక్టోబరులో లిలియన్ వాల్డ్ అనే నర్సు, పేదల ఇళ్ళకు నర్సులను పంపే తన హెన్రీ స్ట్రీట్ సంస్థ నుంచి లీనా రోజర్స్ అనే నర్సును నాలుగు బళ్ళకు ప్రయోగంగా పంపింది. ఆమె బడిలోనే కట్టు కట్టి క్లాసులోకి పంపేది, సాయంత్రం ఇళ్ళకు వెళ్ళి తల్లికి చేసి చూపించేది. నెలలోనే నగరం ఇంకొంతమంది నర్సులను తీసుకుంది. 1902 సెప్టెంబరులో జబ్బు పేరుతో బడి నుంచి పంపేసిన సంఖ్య 10,567. 1903 సెప్టెంబరులో 1,101. జబ్బులు పోలేదు, బడి పోవడం తగ్గింది. యుద్ధాల మధ్య ఇంగ్లండ్‌లో మంచి నర్సులు చేసిందీ ఇదే పని. పల్లెల్లో అయితే ఒకే మనిషి సైకిల్ మీద తిరుగుతూ పొద్దున పురుడు పోసి, మధ్యాహ్నం బడిలో తలలు చూసి, సాయంత్రం మంచాన పడ్డ ముసలమ్మకి పుండు కడిగేది. మన ఏఎన్ఎంలకి ఈ లైను చదివితే నవ్వొస్తుంది, కొత్తేముంది అని.

ఇక్కడ నా తప్పొకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా టీం ఒక హైస్కూల్లో కళ్ళ పరీక్ష చేసింది. చార్టు గోడకి తగిలించి, ఇరవై అడుగులు కొలిచి, శ్రద్ధగానే చేశాం. చూపు తక్కువున్న వాళ్ళందరి కార్డుల మీద "రిఫర్", అంటే ఆసుపత్రికి పంపాలి అని రాశాం. మరుసటి ఏడాది అదే బడికి వెళ్ళాం. ఏడో తరగతిలో ఒక అమ్మాయి బోర్డు వైపు చూడకుండా పక్కపిల్ల నోట్సులోకి వంగి రాసుకుంటోంది. కార్డు తీస్తే పోయినేడు నా చేతిరాతతోనే "రిఫర్" అని ఉంది. అద్దాలేవమ్మా అంటే, "పట్నం వెళ్ళాలన్నారు మేడం, నాన్నకి ఒక రోజు కూలి పోతుందని అమ్మ వద్దంది" అంది. ఆ ఇంటికి నేను వెళ్ళి ఉంటే పది నిమిషాల్లో తెలిసేది. రిపోర్టులో మాత్రం మా టీం టార్గెట్ నూటికి నూరు శాతం.

టాన్సిల్స్ పిచ్చి

ఒరిగిందా అని అడిగారు కదా. ఒరగని చోట్లు కూడా చెప్పాలి, వాటిలో పెద్దది టాన్సిల్ ఆపరేషన్. 1920, 30లలో బడి పిల్లలకు ఎక్కువగా జరిగిన ఆపరేషన్ ఇదే. చాలాచోట్ల పొద్దున తీసుకెళ్ళి సాయంత్రానికి ఇంటికి పంపేసేవారు. పరీక్షలో గొంతు చూడటం, టాన్సిల్స్ కొంచెం పెద్దగా ఉంటే ఆపరేషన్‌కి రాసెయ్యడం. ఎంత పెద్దగా ఉంటే పెద్ద అన్నది రాసే డాక్టర్‌ని బట్టి ఉండేది.

1938లో అలిసన్ గ్లోవర్ అనే డాక్టర్ లెక్కలు తీసి చూపించాడు. ఒక ఊళ్ళో ఆపరేషన్లు విపరీతం, దాని పక్క ఊళ్ళో దాదాపు లేవు. పిల్లలూ ఒకటే, వాతావరణమూ ఒకటే. హార్న్సీ అనే చోట 1928లో 186 ఆపరేషన్లు జరిగితే 1929లో 12 జరిగాయి. మహమ్మారి ఏదీ తగ్గలేదు. కొత్త స్కూల్ డాక్టర్ వచ్చాడు, అంతే. ఆ తర్వాత అక్కడి పిల్లలకు అదనంగా జరిగిన నష్టం కూడా ఏమీ లేదు. ఈ ఆపరేషన్ వల్ల ఏటా కొంతమంది పిల్లలు చనిపోయేవారన్నది గుర్తుపెట్టుకుంటే ఆ 186కీ 12కీ తేడా ఏమిటో తెలుస్తుంది.

దీనికి జోడీ లాంటిది 1934లో అమెరికాలో జరిగింది. న్యూయార్క్ బడుల నుంచి 1,000 మంది పిల్లల్ని తీసుకున్నారు. 611 మందికి అప్పటికే టాన్సిల్స్ తీసేశారు. మిగిలిన 389 మందిని డాక్టర్లకు చూపిస్తే 174 మందికి తియ్యాలన్నారు. అక్కర్లేదన్న 215 మందిని వేరే డాక్టర్లకు చూపిస్తే, వాళ్ళు అందులో 99 మందికి తియ్యాలన్నారు. మిగిలిన 116 మందిని ఇంకో డాక్టర్లకు చూపిస్తే 51 మందికి. చివరికి ఎవరూ వేలు పెట్టని పిల్లలు 65 మంది మిగిలారు. ప్రతిసారీ సుమారు 45 శాతం! పిల్లల గొంతులో ఏముందో కాదు, సగం మందిలో ఏదో ఒకటి ఉండాలని డాక్టర్ మనసులో ఉన్నదే బయటికొచ్చింది. సెమినార్‌లో ఒక్క టేబులే పెట్టే వీలుంటే ఇది పెట్టండి, హాలంతా లేచి కూర్చుంటుంది.

తిండి, పాలు

ఈ ఇరవై ఏళ్ళలో పెద్ద గొడవంతా దీని మీదే. న్యూమన్ రిపోర్టుల ప్రకారం పోషకాహార లోపం ఉన్న పిల్లలు నూటికి ఒకరో ఇద్దరో. అదే సమయంలో గనుల ఊళ్ళలో, ఓడల ఫ్యాక్టరీల ఊళ్ళలో సగం మంది మగవాళ్ళకు పని లేదు. తిండి లేకుండా పిల్లలు బాగానే ఉన్నారంటే ఎలా? కిటుకు పరీక్షలోనే ఉంది. డాక్టర్ పిల్లని కంటితో చూసి మంచి, మామూలు, కొంచెం తక్కువ, బాగా తక్కువ అని రాసేవాడు. ఊరంతా బక్కపిల్లలే అయితే బక్కపిల్లే మామూలు అయిపోతుంది. 1936లో జాన్ బాయిడ్ ఓర్ కుటుంబాల ఆదాయం, వాళ్ళు కొనే తిండి లెక్కేసి, దేశంలో సగం జనం తిండి పూర్తి ఆరోగ్యానికి చాలదని తేల్చాడు. పైగా చాలాచోట్ల ఉచిత భోజనం పెట్టాలంటే పిల్లకు లోపం ఉందని డాక్టర్ రాయాలి. అంటే ముందు చిక్కిపోవాలి, తర్వాత అన్నం.

పాల కథ కొంచెం మెరుగు. 1920లలో కోరీ మాన్ అనే డాక్టర్ ఒక అనాథ బాలుర వసతిలో చేసిన ప్రయోగంలో, రోజూ ఒక పైంటు (అర లీటరు కంటే కాస్త ఎక్కువ) పాలు అదనంగా తాగిన పిల్లలు ఏడాదిలో సుమారు 7 పౌన్లు (మూడు కిలోలకు పైగా) బరువు పెరిగితే, తాగనివాళ్ళు 4 పౌన్ల లోపే పెరిగారు. అది చూసి 1930లో స్కాట్లండ్‌లోని లానార్క్‌షైర్‌లో భారీ ప్రయోగం పెట్టారు. 67 బళ్ళు, 20,000 మంది పిల్లలు, ఫిబ్రవరి నుంచి జూన్ దాకా. సగం మందికి రోజూ ముప్పావు పైంటు పాలు, సగం మందికి లేదు. ఎవరికి పాలు, ఎవరికి కాదు అన్నది చీటీలు తీసినట్టు చేశారు. కానీ ఒక గుంపులో బలిసినవాళ్ళు, ఇంకో గుంపులో బక్కవాళ్ళు ఎక్కువ కనబడితే టీచర్లు అటూ ఇటూ మార్చుకోవచ్చన్నారు. ఏ టీచరమ్మ అయినా ఏం చేస్తుంది? ఆకలితో ఉన్న పిల్లని పాల వైపు జరుపుతుంది. ప్రయోగం మొదట్లోనే పాలు లేని గుంపు ఎత్తులో నాలుగు నెలలు, బరువులో మూడు నెలలు ముందుంది.

ఈ లోపాన్ని పట్టుకున్నది గిన్నిస్ బీరు కంపెనీలో పనిచేసే గాసెట్ అనే గణాంక నిపుణుడు. మీ బయోస్టాటిస్టిక్స్‌లో "స్టూడెంట్ టీ టెస్ట్" ఆయనదే. 1931లో ఆయన ఇంకో మాట కూడా అన్నాడు. పిల్లల్ని బట్టలతో తూచారు. ఫిబ్రవరిలో ఉన్నవాళ్ళ పిల్లలు మందపు కోట్లతో తక్కెడ ఎక్కారు, జూన్‌లో పల్చటి బట్టలతో. లేనివాళ్ళ పిల్లలకు రెండు కాలాల్లోనూ దాదాపు అవే బట్టలు. కాబట్టి కోటు విప్పిన బరువు కూడా లెక్కలో కలిసిపోయింది. ఇన్ని వేల మంది బదులు 50 జతల కవల పిల్లలతో చేసి ఉంటే అతి తక్కువ ఖర్చుతో ఇంతకంటే గట్టి జవాబు వచ్చేదన్నాడు. నాకు మాత్రం ఆ టీచర్ల మీద కోపం రాదు. లెక్క పాడుచేశారు గానీ పాలు సరైన నోటికే చేరాయి.

పాలు తాగినవాళ్ళు బాగా పెరిగారనే మొత్తానికి అందరూ తీసుకున్నారు. 1934 నుంచి బడుల్లో మూడోవంతు పైంటు సీసా అర పెన్నీకి, మరీ లేనివాళ్ళకు ఉచితంగా ఇచ్చారు. ఇందులో పిల్లల బాగు ఎంతో, పాలు అమ్ముడుపోక అల్లాడుతున్న రైతుల బాగూ అంతే. అయితేనేం, 1939 నాటికి ప్రాథమిక బడి పిల్లల్లో సుమారు సగం మందికి పాలు అందుతున్నాయి.

1939లో బయటపడింది

1939 సెప్టెంబరు మొదటి మూడు రోజుల్లో బాంబుల భయంతో సుమారు 15 లక్షల మందిని నగరాల నుంచి పల్లెలకు పంపారు, వాళ్ళలో ఎక్కువమంది బడి పిల్లలు. ఆ పిల్లల తలల్లో పేలు చూసి పల్లె గృహిణులు గగ్గోలు పెట్టారు. బడి రిపోర్టుల్లో పేలు తగ్గిపోతున్నాయని ఏటా రాస్తూనే ఉన్నారు కదా, మరి ఇవెక్కడివి? కెన్నెత్ మెల్లన్‌బీ అనే కీటక శాస్త్రవేత్త దీన్ని తెలివిగా పట్టాడు. బడి లెక్కలు పక్కన పెట్టి, అంటువ్యాధుల ఆసుపత్రుల్లో చేరిన పిల్లల రికార్డులు తీశాడు. అక్కడికి పిల్ల హఠాత్తుగా జ్వరంతో వస్తుంది, ముందు రోజు రాత్రి తల్లి కూర్చుని తల దువ్వి పంపే వ్యవధి ఉండదు. పారిశ్రామిక నగరాల్లో ఆడపిల్లల్లో దాదాపు సగం మందికి పేలు ఉన్నాయని తేలింది. నర్సు వస్తుందని తెలిసిన రోజు బడిలో కనిపించేది వేరు. తనిఖీ ఎప్పుడో ముందే తెలిసిన ఏ ఆఫీసులోనైనా ఇదే తంతు, దానికి ఇంగ్లండ్ దాకా పోనక్కర్లేదు.

ఇంకో పెద్ద లోటు డిఫ్తీరియా, మన పెద్దలు కంఠసర్పి అనేవారు. టీకా 1920ల నుంచే ఉంది. న్యూయార్క్, కెనడాలో టొరంటో, హామిల్టన్ బడి పిల్లలకు వేసి జబ్బును దాదాపు తుడిచేశాయి. ఇంగ్లండ్ మాత్రం దేశవ్యాప్తంగా వేయడం 1940లో గానీ మొదలుపెట్టలేదు. ఆ మధ్యలో ఏటా వేలమంది పిల్లలు పోయారు. ఇంత బడి నర్సుల వ్యవస్థ చేతిలో ఉండి కూడా! దీన్ని నేను క్షమించలేను, టాన్సిల్స్ కంటే ఇదే ఎక్కువ బాధ.

మన దగ్గర

పరీక్షకు మీకు కావలసింది: భారతదేశంలో బడి పిల్లలకు మొదటి వైద్య పరీక్ష 1909లో బరోడాలో. మన వైపు, అంటే అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో, చెప్పుకోదగ్గది నర్సు కాదు, అన్నం. 1920లో పిట్టి త్యాగరాయ చెట్టి మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు థౌజండ్ లైట్స్‌లోని కార్పొరేషన్ బడిలో మధ్యాహ్న భోజనం పెట్టించారు, పిల్లకు అణాకు మించకుండా. ఆయన తెలుగు దేవాంగుల ఇంటి మనిషి. ఖర్చు పేచీతో 1925లో అది ఆగిపోయింది, తర్వాత మళ్ళీ మొదలైంది. 1946లో, ఆరోగ్య సేవల మీద ప్రభుత్వం వేసిన భోర్ కమిటీ దేశం మొత్తం చూసి, స్కూల్ హెల్త్ సేవలు దాదాపు లేనట్టేనని రాసింది. అంటే మీరు అడిగిన ఇరవై ఏళ్ళకు మన జవాబు ఆ ఒక్క లైనే.

2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) టీంలు ఇప్పుడు బళ్ళకు ఏడాదికోసారి, అంగన్‌వాడీలకు రెండుసార్లు వెళ్తున్నాయి. సెమినార్ చివర్లో ఎవరైనా "ఇప్పుడు ఎలా ఉంది మేడం" అని తప్పకుండా అడుగుతారు. దానికి పుస్తకం జవాబు వద్దు. మీ కాలేజీకి దగ్గర్లో ఉన్న ఏదైనా ప్రభుత్వ బడికి వెళ్ళి, హెడ్మాస్టర్ అనుమతితో పోయినేడు "రిఫర్" రాసిన పిల్లలు ఎంతమందో, వాళ్ళలో నిజంగా ఆసుపత్రికి వెళ్ళి వచ్చినవాళ్ళు ఎంతమందో లెక్క తీసుకోండి. రెండు అంకెలు చాలు. పిల్లల పేర్లు మాత్రం స్లయిడ్ మీద పెట్టకండి.